అబ్రికో కార్డులో నాలుగో గడి

తమ్ముడికి అక్క ఆశీస్సులు. మరదలిని అడిగానని చెప్పు. పిల్లకి నా తరఫున రెండు బుగ్గలూ గిల్లు, మెల్లిగానే సుమా. ఇక్కడ అమ్మా, మీ బావా, నేనూ కులాసా. నా మోకాలు ఒక్కటే కులాసాగా లేదు. అది ఈమధ్య ఎప్పుడు బాగుంది కనక, దాని గురించి ప్రత్యేకంగా రాయడానికి!

నీ ఉత్తరం వచ్చి పన్నెండు రోజులైంది. ఇన్నాళ్ళు జవాబు రాయలేదేమని మొహం ముడుచుకోకు. మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లు చింపేశాను. ఇది నాలుగోది, చింపనని మీ బావకి మాటిచ్చి మరీ కూర్చున్నాను. ఫోన్ చేయొచ్చు కదా అంటావేమో. ఫోన్లో అయితే నువ్వు సగం విని "సర్లే అక్కా, ఉంటా" అని పెట్టేస్తావు. కాగితం మీదైతే కోపంగానైనా రెండోసారి చదువుతావు. అందుకని కాగితమే.

ముందు నీ ప్రశ్నలకి జవాబులు. అమ్మకి కొత్త కళ్ళద్దాలు వచ్చాయి. మొదటి రోజు "ఇంట్లో ఇంత దుమ్ముందా!" అని నన్నూ మీ బావనీ కలిపి దులిపేసింది. పాత కళ్ళద్దాలే నయం అని ఆయన నా చెవిలో అన్నాడు, అదీ వినేసింది. కళ్ళు బాగుపడితే చెవులు కూడా బాగుపడతాయా ఏమిటి? మీ బావ రిటైరయ్యాక వంట తన చేతుల్లోకి తీసుకున్న సంగతి నీకు తెలుసు. ముప్పయ్యేళ్ళు బస్సుల కింద పడుకుని బోల్టులు బిగించిన మనిషి కదా, ప్రెషర్ కుక్కర్ మూత కూడా అదే పట్టుదలతో బిగిస్తున్నాడు. విప్పడానికి మళ్ళీ ఆయన్నే పిలవాలి. నువ్వు వదిలేసి వెళ్ళిన గొడుగు నా దగ్గరే ఉంది. ఇవ్వను. వచ్చి తీసుకో.

ఇక నువ్వు పనిచేసే మొక్కల నర్సరీ సంగతి. ఓనరమ్మ నీకు అంట్ల రిజిస్టరు ఇస్తానంటే నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ప్రతి అంటు మొక్కకీ ఏ తల్లిచెట్టు కొమ్మ తెచ్చి కట్టారో రాసి, కింద సంతకం పెట్టి, ఆ చీటీ మొక్కకి కట్టి అమ్మాలన్నావు. పళ్ళు కాయడానికి నాలుగేళ్ళు పడుతుంది కాబట్టి అప్పటిదాకా కొన్నవాడికి ఆ సంతకమే దిక్కన్నావు. అలాంటి పని నీకంటే బాగా ఎవరు చేస్తారు రా? ఆ ముక్క చదివి పక్కింటావిడకి కూడా చెప్పాను. పేజీ తిప్పేసరికి నా నోరు మూతపడింది.

నువ్వు రాసిన వాక్యాలు నాకు కంఠతా వచ్చేశాయి. "నేను ఒప్పుకోనక్కా. చూడనిది చూసినట్టు రాసిన మనిషిని నేను, పైగా రాసినట్టు గుర్తు కూడా లేని మనిషిని. నాలాంటివాడి చేతికి రిజిస్టరు ఇవ్వకూడదు. నెలాఖరుకి ఆవిడకి వద్దని చెప్పేస్తాను." దాని కిందే ఇంకోటి, చిన్న అక్షరాల్లో. "ఇంటి తాళం నాలుగుసార్లు లాగి చూస్తాను, అయినా నమ్మకం ఉండదు. నీ మరదలు నవ్వుతుంది, పిల్ల కూడా నవ్వుతుంది, నేనూ నవ్వుతాను." ఒరేయ్, నీకు ఇలా ఉందని నాకు పదేళ్ళుగా తెలియదు. తెలుసుకోవాలని నేను ప్రయత్నించలేదేమో కూడా.

దాని దగ్గరికి వస్తాను. ముందు పిల్ల అడిగిన ప్రశ్నకి జవాబు రాయనీ. మీ నర్సరీలో కొత్తగా వచ్చిన ఆప్రికాట్ మొక్కలు చూసి "ఈ పండుకి ఈ పేరెవరు పెట్టారు నాన్నా?" అని అడిగిందన్నావు. నీకు సగానికి పైగా తెలిసి ఉండి కూడా "అత్తని అడుగుదాం" అని తప్పించుకున్నావన్నావు. సరే, అత్త చెప్తోంది. దగ్గర కూర్చోబెట్టుకుని చదివి వినిపించు. తర్వాతి పేరా అయ్యాక మాత్రం పిల్లని ఆడుకోమని పంపెయ్.

తల్లీ, ఆప్రికాట్‌ని ఫ్రెంచి వాళ్ళు అబ్రికో అంటారు. వాళ్ళకి ఆ మాట పక్కింటివాళ్ళిచ్చారు. ఆ పక్కింటి భాష పేరు కాతలాన్, అందులో అల్బెర్కోక్. వాళ్ళకి అరబ్బీ వాళ్ళిచ్చారు, అల్ బర్కూక్. "అల్" అనేది పండు పేరు కాదు, ఇంగ్లీషులో "ది" ఉంటుంది చూడు, అలాంటిది. చుట్టం లోపలికొస్తూ చెప్పులతోనే వచ్చేసినట్టు, ఆ అల్ కూడా మాటతో పాటు వచ్చేసింది. ఫ్రెంచి వాళ్ళు అందులో ల తీసేసి అ మాత్రం ఉంచుకున్నారు. మరి అరబ్బీ వాళ్ళకి ఎవరిచ్చారు? గ్రీకు వాళ్ళు. ప్రైకోకియోన్ అని వాళ్ళ మాట. గ్రీకు వాళ్ళకి లాటిన్ వాళ్ళు. ప్రైకోక్వుమ్, అంటే తొందరగా పండేది. మిగతా పళ్ళ కంటే ముందే పండుతుందని ఆ పేరు. అదే లాటిన్ మాట తర్వాతి కాలంలో తిన్నగా ఫ్రెంచిలోకి కూడా వచ్చి, వయసుకి మించి తెలివైన పిల్లల్ని "ప్రెకోస్" అనడానికి పనికొస్తోంది. అంటే నిన్ను. లాటిన్ మాట వెనక ఇంకా ముందు కాలపు ధాతువు ఒకటి ఉంది, వండడం, పండడం అనే అర్థాలతో. దాన్ని ఎవరూ రాసి పెట్టలేదు, పండితులు లెక్కగట్టి పట్టుకున్నారు. అందుకని దాని నెత్తిన ఒక చుక్క పెడతారు, "ఇది మేం చూడలేదు" అని చదివేవాళ్ళకి తెలియడానికి. ఆ ధాతువే సంస్కృతంలో పచ్ అయింది. అక్కణ్ణించి మనకి పక్వం, పాకం వచ్చాయి. మీ అమ్మ చక్కెర పాకం పడుతుంటే నువ్వు వేలు ముంచుతావే, ఆ పాకమూ, ఈ అబ్రికో కూడా ఒకే ఇంటివి.

పిల్ల వెళ్ళిందా? ఇప్పుడు నువ్వు ఒక్కడివే చదువు.

పైన నేను చెప్పిన వరసలో గ్రీకు ఉంది చూశావా. మనిద్దరం కలిసి పనిచేసిన ఫ్రెంచి-తెలుగు నిఘంటువు మొదటి ముద్రణలో అక్కడ గ్రీకు లేదు, పారసీకం ఉంది. దానికే ఒక ప్రొఫెసరు పత్రికలో ఎకసెక్కంగా రాశాడు. పారసీకంలో ఆ పండుని జర్దాలూ అంటారనీ, తెలుగు పాత నిఘంటువుల్లో జల్దారు పండు అని ఉన్నది అందులోంచి వచ్చిందేననీ, సొంత భాష నిఘంటువు తిప్పి చూసినా తప్పు తెలిసేదనీ రాశాడు. అది చదివి నువ్వు అన్నం మానేశావు. ఆ తర్వాత ఉద్యోగమే మానేశావు.

మన ఆఫీసు పద్ధతి నీకు నేను చెప్పక్కర్లేదు, అయినా రాస్తాను, లేకపోతే నేను చేసినదేమిటో సరిగ్గా రాసినట్టు కాదు. ఒక మాటకి ఒక కార్డు. ఫ్రెంచి మాట పై గడిలో, దాని కింద ఒక్కో పూర్వభాషకి ఒక్కో గడి. ప్రతి గడి పక్కనా ఏ పుస్తకంలో ఏ పేజీలో చూశామో రాయాలి. కళ్ళతో చూడకపోతే గడి ఖాళీగా వదిలెయ్యాలి. ఎవరు చేరినా మన ఎడిటరు పెద్దాయన చెప్పే మొదటి మాట అదే, నాకూ చెప్పాడు, నీకూ చెప్పాడు. "ఖాళీ గడి చూసి నేనెవర్నీ ఏమీ అనను. నిండిన గడి చూసే అడుగుతాను" అన్నాడు.

అబ్రికో కార్డు నువ్వు రాశావు. అచ్చుకి పంపే వారంలో పిల్ల పుట్టింది, నువ్వు సెలవు పెట్టి వెళ్ళావు. ఆ గురువారం మధ్యాహ్నం నీ డ్రాయరు నేను సర్దాను, కార్డులన్నీ వరస పెట్టి కింద ప్రెస్సుకి ఇవ్వడానికి. మొత్తం నూట పన్నెండు కార్డులు, అన్నీ కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. అబ్రికోలో మాత్రం నాలుగో గడి ఖాళీ. అరబ్బీకీ లాటిన్‌కీ మధ్య నువ్వు పెన్సిలుతో "దొరకలేదు" అని రాసి వదిలేశావు.

ఆ పొద్దున్నే నేను సుక్ర్ అనే మాట కార్డు పూర్తి చేశాను. చక్కెర రా. ఫ్రెంచి నించి ఇటాలియన్, అక్కణ్ణించి అరబ్బీ, పారసీకం, సంస్కృతం, అయిదు గడులూ నిండాయి, అయిదూ చూసి రాసినవే. ఆ ఊపులో ఉన్నాను. అరబ్బీ వెనక పారసీకం కాకపోతే ఇంకేముంటుంది, చక్కెర వచ్చిన దారిలోనే ఈ పండూ వచ్చి ఉంటుంది, పాపం బాలింత ఇంటికి పరుగెత్తే హడావిడిలో వీడికి వెతకడానికి టైము లేకపోయింది అనుకున్నాను. రబ్బరు తీసి నీ పెన్సిలు మాట చెరిపేశాను. పెన్ను తీసి పారసీకం అని రాశాను. పక్కన చక్కెర కార్డులో ఉన్న పుస్తకం పేరే, పేజీ నంబరు మార్చి వేశాను. ఆ పుస్తకం తెరవలేదు. నా చేతికి రెండడుగుల దూరంలో అరలోనే ఉంది, తెరవలేదు.

ఎందుకు చేశానని పదేళ్ళుగా నన్ను నేను అడుగుతున్నాను. నిన్ను ఆఫీసులో చేర్చింది నేను. "మా తమ్ముడు సార్, బంగారం" అని పెద్దాయనకి చెప్పి చేర్పించాను. నా తమ్ముడి కార్డులో ఖాళీ ఉండటం నాకు నచ్చలేదు. ఇంతకు మించి కారణమేమీ లేదు. ప్రేమ అని పేరు పెట్టుకోవాలని చాలాసార్లు చూశాను కానీ అందులో సగం గొప్పే.

ప్రొఫెసరు రాసిన పత్రిక వచ్చిన రోజు పెద్దాయన మనిద్దర్నీ పిలిచి కార్డు బల్లమీద పెట్టాడు, గుర్తుందా? నువ్వు దాన్ని చాలాసేపు చూశావు. మన ఇద్దరికీ ఒకే పలకమీద అమ్మ అక్షరాలు దిద్దించింది కదా, నా రాతా నీ రాతా విడదీయడం ఆఫీసులో ఎవరి వల్లా అయ్యేది కాదు. నీ వల్లా కాలేదు. "నా రాతే సార్. ఎప్పుడు రాశానో గుర్తు రావట్లేదు" అన్నావు. నేను నీ పక్కనే ఉన్నాను. నాలుగో గడి నాదని చెప్పలేదు. పెద్దాయన "ఒక్క గడే కదా, తర్వాతి ముద్రణలో దిద్దుకుందాం" అనేసరికి అమ్మయ్య, గండం గడిచింది అనుకున్నాను. నీకు గడవలేదని నాకు తట్టలేదు. వారం తర్వాత నువ్వు రాజీనామా ఇస్తే నేనే మీ ఇంటికొచ్చి, ఇంత చిన్నదానికి మొహం చాటేస్తావా, మగాడివేనా, నా పరువు తీశావు అని నిన్ను తిట్టి వెళ్ళాను. మరదలు మంచినీళ్ళు ఇస్తే తాగకుండా వచ్చేశాను.

నువ్వు వెళ్ళాక రెండు నెలలు వెతికి గ్రీకు మాట పట్టుకున్నాను. ఒక పాత గ్రీకు వైద్యుడి మూలికల పుస్తకంలో ఉంది, రోమన్లు ఈ చిన్న పళ్ళని ఇలా అంటారని. నేను ఆ గడి ఖాళీగా వదిలేసి ఉంటే, సెలవు నించి వచ్చాక నువ్వే పట్టుకునేవాడివి. నీకు రెండు వారాలు కూడా పట్టేది కాదు.

ఇప్పుడు నువ్వేమనుకుంటావో నాకు తెలుసు. "అక్క నా కోసం నిందంతా తన నెత్తిన వేసుకుంటోంది, ఉద్యోగం ఒప్పుకోవాలని కథ కడుతోంది" అంటావు. నీ మొండితనం నాకు తెలియదా? అందుకే పోయిన ఆదివారం అసలు కార్డు ఇంటికి తెచ్చి అమ్మకిచ్చాను. దేని గురించో చెప్పలేదు. "ఇందులో నాది ఏది, వాడిది ఏదమ్మా?" అని అడిగానంతే. కొత్త కళ్ళద్దాలు సర్దుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది. నిమిషం కూడా పట్టలేదు.

"ఈ నాలుగోది నీదే. మిగతావన్నీ వాడివి."

"ఎలా చెప్తావమ్మా? రెండూ ఒకేలా ఉన్నాయిగా!"

"ఒకేలా ఏమిటే నీ మొహం! వాడు అక్షరం మొత్తం రాశాక చివర్న తలకట్టు పెడతాడు, అంటుకునే ఉంటుంది. నువ్వు ముందే గీకేస్తావు, దాని కింద అక్షరం రాస్తావు. నీ తలకట్లన్నీ గాల్లో ఉంటాయి. చిన్నప్పుడు ఎన్ని మొట్టికాయలు వేసినా నీకు రాలేదు."

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"నన్నెవరడిగారే?" అంది. తర్వాత నా మొహం చూసింది. కార్డు వైపు మళ్ళీ చూసింది. "వాడు మానేసింది దీనికేనా?" అంది. నేను తలూపాను. ఆ రోజు అన్నం మీ బావనే వడ్డించమంది. మర్నాడు పొద్దున లేచి "రాయి వాడికి" అంది, అంతే.

కార్డు నకలు ఈ ఉత్తరంతో పాటు పెట్టాను. అమ్మ చెప్పినట్టు తలకట్లు చూడు. రెండు ర లు, రెండు క లు చూస్తే చాలు. నాలుగో గడి మీద వెలుతురు పడేలా పట్టుకుంటే అడుగున నీ పెన్సిలు గీతలు కూడా లీలగా కనిపిస్తాయి. నకల్లో కనిపించకపోతే అసలుది వచ్చి చూద్దువుగాని. నా మాట మీద నమ్మొద్దు, నీ కళ్ళతో చూసి నమ్ము.

నిన్న పెద్దాయన గదికెళ్ళి చెప్పేశాను. వచ్చే వేసవికి ఆయన రిటైరవుతున్నాడనీ, ఆ కుర్చీ నాకేననీ అందరూ అనుకుంటున్నారని నీకు రాశాను కదా. ఆయన అంతా విన్నాడు. నేను నిలబడే ఉన్నాను, కూర్చోమని కూడా అనలేదు. చివరికి, "మీ ఇద్దరి రాతా ఒకేలా ఉంటుందని నాకు తెలుసమ్మా. తెలిసీ వాణ్ణే అడిగాను, నిన్ను అడగలేదు. నా తప్పూ ఉంది" అన్నాడు. అది విని నాకు ఏడుపొచ్చింది. వెంటనే, "కుర్చీ సంగతి వదిలెయ్. ముందు నువ్వు రాసిన కార్డులన్నీ వేరేవాళ్ళ చేత చూపించాలి. అది అయ్యేదాకా నువ్వు కొత్తవి రాయకు" అన్నాడు. నావి నాలుగు వేల పైచిలుకు ఉన్నాయి. అలాంటిది ఇంకోటి లేదని నాకు తెలుసు, కానీ ఆయన ఎలా నమ్ముతాడు? చూడాల్సిందే. ఇవాళ నుంచి ప్రూఫులు దిద్దుతున్నాను. రెండో ముద్రణ ముందుమాటలో ఈ దిద్దుబాటు నా పేరుతోనే వేయమని అడిగాను, ఒప్పుకున్నాడు. మీ బావకి కూడా నిన్ననే చెప్పాను. ఆయన కాసేపు తల గోక్కుని, "నీకు కాఫీ పెట్టనా?" అన్నాడు. తాగలేక తాగలేక తాగాను, పూర్తిగా.

నీకు కోపం రావాలి. వస్తే ఉత్తరం నిండా తిట్టు, నేను దాచుకుంటాను. మరదలికి కూడా చదివి వినిపించు, ఆవిడ ఆ రోజు ఇచ్చిన మంచినీళ్ళకి క్షమాపణ చెప్పానని చెప్పు. ఈ ఏడాది మీ ఇంటికి రావద్దంటే రాను. వచ్చే ఏడు వస్తాను, అప్పుడు కూడా రావద్దంటే గుమ్మంలో కూర్చుంటాను. కానీ నెలాఖరులోపు ఓనరమ్మకి వద్దని మాత్రం చెప్పకు. అది నీ శిక్ష కాదురా. నా శిక్ష నువ్వు పదేళ్ళు మోశావు, చాలు.

నీకు గుర్తులేదని బెంగపడ్డావు. చెయ్యనిది ఎలా గుర్తుంటుంది? ఆ గడిలో నువ్వు రాసింది ఒకే ఒక్క మాట, అది నిజం, దాన్ని నేను చెరిపేశాను. నువ్వు ఇన్నాళ్ళూ అనుమానించిన మనిషి చూడనిది ఒక్క అక్షరం రాయలేదు. వెళ్ళి ఆ రిజిస్టరు తీసుకుని సంతకం పెట్టు.

ఇట్లు,
నీ ముందు తల దించుకుని కూడా నీ మీద పెత్తనం మానలేని
మీ అక్క